మూసే వరస

గిద్దలూరులో బోరు మోటార్లు బాగుచేసే జిలాని కూతురు ముబాషిరాకు ఆరు రోజులుగా కాలు ఒకచోట నిలవడం లేదు. కూర్చుంటే లేస్తుంది, లేస్తే ఫోను చూస్తుంది, ఫోను చూసి మళ్లీ కూర్చుంటుంది. అన్నం కలిపేటప్పుడు కూడా ఎడమచేతిలో ఫోను ఉండాల్సిందే. తల్లి షరీఫాబీ రెండు రోజులు చూసీ చూడనట్లు ఊరుకుంది. మూడో రోజు నుంచి ఆమెకు ఓపిక చచ్చింది.

"ఏముందే ఆ ఫోన్లో? పెళ్లికొడుకు గాని ఉండాడా?"

"బోరు ఉంది అమ్మీ."

"బాగుంది సంబడం. నీ ఈడు పిల్లలంతా ఫోన్లో సినిమాలు చూస్తారు, నువ్వు బోరు చూస్తాండావు."

ఆ బోరు కొమరోలు అవతల పల్లెలో రంగయ్యది. రెండెకరాల టమాటా దాని మీదే బతుకుతోంది. రంగయ్య పొద్దున్నే గొర్రెలు తోలుకుని కొండవైపు పోతాడు. కొడుకు నరేష్ గిద్దలూరుకు ఆటో తిప్పుతాడు. కాబట్టి మోటారు వేయడం, ఆపడం, వాల్వులు తిప్పడం ఏళ్ల తరబడి రంగయ్య పెళ్లాం పోలేరమ్మ నెత్తిన పడింది. ఇంటికీ బోరుకూ కిలోమీటరు పైమాటే. మిట్ట చేనుకు ఒక వంతు, పల్లపు చేనుకు ఒక వంతు, మధ్యలో ముప్పావుగంట బోరులో నీళ్లు ఊరనివ్వాలి. రోజుకు ఎన్నిసార్లు తిరిగేదో ఆమే ఎన్నడూ లెక్కపెట్టలేదు. పోయిన వానల్లో గట్టు మీద జారి పడి మోకాలి చిప్ప పగిలింది. నడవడం తగ్గించకపోతే కాలు మీద ఆశ వదులుకోవాలని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

మార్కాపురంలో ఇంజనీరింగు చదివి, ఇంట్లోనే ఉంటూ మోటార్లకు ఏదో ఒకటి చేయాలని తహతహలాడుతున్న ముబాషిరా ఈ సంగతి తండ్రి దుకాణంలో విన్నది. విన్న వారానికి ఒక పెట్టె తయారుచేసింది. టైముకు మోటారు వేస్తుంది, ఆ వంతు చేను వాల్వు తెరుస్తుంది, వంతు కాగానే రెండూ ఆపి ఫోనుకు కబురు పంపుతుంది. ఏం చేయాలో దానికి చెప్పే స్క్రిప్టును లూవా అనే భాషలో రాసింది. పెద్ద భాషలు పట్టని చిన్న చిన్న పెట్టెల్లో కూడా ఇమిడే భాష అది. పెట్టెను బోరు షెడ్డులో బిగించిన రోజున ముబాషిరా పోలేరమ్మ రెండు చేతులూ పట్టుకుని, "పెద్దమ్మా, నువ్వింక మోటారు కాడికి నడిసే పనిలేదు. పూచీ నాది" అంది. అడగని పూచీ అది. వయసులో ఉన్నవాళ్ల నోరు అట్లాగే ఉంటుంది.

మార్చిలో ఆ పెట్టె కాస్తా పరువు తీసింది. మోటారు లాగే కరెంటు ఆరు ఆంపియర్లకంటే తగ్గిందంటే బోరులో నీళ్లు లేనట్లు, వెంటనే ఆపాలి. ఆ ఆరును ముబాషిరా 'హద్దు' అనే పేరుతో దాచింది. స్క్రిప్టులో రెండు వందల గీతలు, అంటే లైన్లు, దాటాక, రోజుకు ఎన్ని మెసేజీలు పోవాలో చూసుకునే చోట, మరిచిపోయి అదే పేరు వాడి దాన్ని సున్నా చేసింది. సున్నాకంటే ఇంకేం తగ్గుతుంది? నీళ్లు అయిపోయినా మోటారు తిరిగింది. తిరిగి తిరిగి లోపలి రాగి తీగ చుట్టు కాలి, కమురు కంపుతో ఆగింది.

జిలాని నోరెత్తకుండా మోటారు పైకి లాగించి, కొత్త చుట్టు చుట్టి మళ్లీ దించాడు. రంగయ్య మాత్రం ముక్కుసూటి మనిషి. "జిలానీ, నీ మొహం చూసి పది దినాలు చూస్తా. మళ్లీ ఏమన్నా అయిందంటే పెట్టె పీకి నీ దుకాణంలో పెట్టి పోతా. నా పెండ్లాం ఎప్పట్లానే నడుస్తాది" అన్నాడు. ఆ ఆఖరు మాట ముబాషిరా గుండెలో గుచ్చుకుని ఉండిపోయింది. పెట్టె పోతే పోయింది, ఇంకోటి చేసుకోవచ్చు. పోలేరమ్మకు ఇంకో మోకాలు ఎక్కడినుంచి తెస్తుంది?

నాలుగు రోజులు కూర్చుని స్క్రిప్టంతా తిరగరాసింది. ఈసారి 'హద్దు' పక్కన కాన్స్ట్ అని చేర్చింది. అట్లా రాస్తే దాని విలువ ఇక స్థిరం. రాసినవాళ్లు కూడా మార్చలేరు. మార్చే గీత ఎక్కడైనా కనిపిస్తే స్క్రిప్టు మొదలే కానని మొండికేస్తుంది. మోటారు పక్కనా వాల్వు పక్కనా క్లోజ్ అని చేర్చింది. అట్లా చేర్చినవాటిని, వంతు సవ్యంగా ముగిసినా, నడుమ ఏదో తప్పు జరిగి స్క్రిప్టు కుప్పకూలినా, ఆ భాగం దాటి బయటపడేలోపు భాషే స్వయంగా మూసేస్తుంది. మూయడం మరిచిపోయానే అని తల పట్టుకునే అవసరం ఉండదు. రెండే రెండు మాటలు. ఇవి ముందే పెట్టి ఉంటే మోటారు కాలేది కాదు గదా అని ఆమెకు తన మీద తనకే ఒళ్లు మండింది.

ఇవాళ ఆరో రోజు. ఇప్పటికి పదకొండు వంతులు నడిచాయి. మొదటి రోజు మొదటి వంతుకు 'టైము అయింది, అన్నీ బంద్' అని కబురు వచ్చింది. ఆ తర్వాత ప్రతి వంతుకూ 'నీళ్లు తగ్గాయి, మోటారు ఆగింది, అన్నీ బంద్' అనే వస్తోంది. ఎండాకాలం, బోరు పలచబడిందనుకుంది. హద్దు పనిచేస్తోందని, మోటారు ప్రతిరోజూ చావు తప్పించుకుంటోందని లోలోపల మురిసింది కూడా. అయినా మనసు కుదురుకోలేదు. ఏదో ఒకటి తప్పుతుందని భయం. అది ఏమిటో తెలియకపోవడం అన్నిటికంటే పెద్ద నస.

పదిన్నరకు తండ్రికి టిఫిను పట్టుకుని దుకాణానికి పోయింది. అక్కడ జిలాని రాచర్ల నుంచి వచ్చిన వరప్రసాదం అనే రైతు మీద అరుస్తున్నాడు. కింద రెండు ముక్కలైన పైపు పడి ఉంది.

"వాల్వు ముందు కట్టేసి, మోటారు తర్వాత ఆపితే పైపు పగలక ఏమైతాది? మోటారు తోస్తానే ఉంటాది, నీళ్లకు దారి లేదు. యాడికి పోవాల అవి?"

"పాలేరుకు చెప్పినా అన్నా, ముందు మోటారు ఆపు, నీళ్లు జారినాక వాల్వు కట్టు అని. ఇనలా."

"చిన్నపిల్లోళ్లకు గూడా తెలిసిన సంగతి గదయ్యా!"

ముబాషిరా చేతిలో టిఫిను డబ్బా అట్లాగే ఉండిపోయింది. తర్వాత దాన్ని బల్ల మీద పెట్టి, సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి, మోటారుకు చుట్టే వైరు కుప్ప మీదే కూర్చుని స్క్రిప్టు తెరిచింది.

క్లోజ్ అని రాసినవాటిని మూసేటప్పుడు ఆ భాష వరస తిరగేస్తుంది. చివర తెరిచినదాన్ని ముందు మూస్తుంది, ముందు తెరిచినదాన్ని చివర మూస్తుంది. పేర్చిన పళ్లేలను పైనుంచి తీసినట్లే. ఈ సంగతి ఆమెకు తెలియక కాదు, నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. కానీ పైగీతలో మోటారు ఉంది, కింది గీతలో వాల్వు ఉంది. అంటే మూసేటప్పుడు ముందు వాల్వు. మోటారు ఇంకా పూర్తిగా తోస్తూ ఉండగానే. ఒకటి మూశాక కాసేపు ఆగి రెండోది మూయమని రాసింది కూడా ఆమే.

మోటారును ముందు ఎందుకు రాసిందంటే, జిలాని కూతురు కాబట్టి. దుకాణంలో బాగుచేసిన ప్రతి మోటారునూ నీళ్ల డ్రమ్ములో దించి, కరెంటు ఇచ్చి చూస్తారు. ఆ డ్రమ్ముకు పైపు ఉంది గాని వాల్వు లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమె చూసింది అదే. ముందు మోటారు, మిగతావన్నీ దాని తర్వాతే. తన పెట్టెను కూడా ఆ డ్రమ్ము దగ్గరే పరీక్ష చేసింది. వాల్వుకు బదులు ఒక చిన్న దీపం పెట్టి, అది ఆరిపోగానే సంబరపడింది. దీపం పగలదు గదా.

"అబ్బా, నాదీ అదే తప్పు" అంది తండ్రితో. "నా పెట్టె ముందు వాల్వు మూస్తాది."

జిలాని ఒక క్షణం అర్థం కానట్లు చూశాడు. "ఆరు దినాలాయె గదా బేటీ. అట్లయింటే ఈపాటికి పైపు పగిలుండాల. రంగయ్య మన ఇంటి ముందర ఉండాల."

"అదే నాకూ అర్థం కాకుంది. పగలాల్సిన పైపు ఎందుకు పగల్లేదు?"

పోలేరమ్మకు ఫోను చేసింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది, మళ్లీ అంతే. రెండో వంతు పదింపావుకే మొదలైంది, పన్నెండు ముప్పావుకు అయిపోతుంది. స్క్రిప్టు మార్చాలంటే పెట్టెకు వైరు తగిలించి మార్చాల్సిందే, ఇక్కడినుంచి కుదరదు. ఆటో స్టాండులో నరేష్ దొరికాడు. మనుషులు నిండేదాకా ఆగుదామన్నవాడు ఆమె మొహం చూసి మారు మాట్లాడకుండా బండి తీశాడు.

దారి పొడవునా నరేష్ మాట్లాడుతూనే ఉన్నాడు. "నీ పెట్టె పుణ్యాన మా అమ్మ ఇల్లు కదలడం లేదు. మా నాయనకు చెప్పినా, ఆ పిల్లకు నాలుగు కేజీలు టమాటాలు ఇచ్చి రమ్మని. ఈ ఆరు దినాలు అమ్మ మంచం మీదే ఉండాది. కాలు కొంచెం నయమంట."

ముబాషిరా ఊ కొడుతూ ఫోనులో పాత కబుర్లు వెనక్కు తిప్పుతోంది. తొమ్మిదిన్నరకు ముగియాల్సిన మొదటి వంతు నిన్న తొమ్మిదీ ఇరవై ఆరుకు ముగిసింది. మొన్న ఇరవై ఐదుకు. అటు మొన్న ఇరవై ఆరుకు. రెండో వంతు కూడా రోజూ నాలుగైదు నిమిషాల ముందే. ఇన్ని రోజులూ ఈ అంకెలు కళ్ల ముందే ఉన్నాయి, చూసింది, పట్టించుకోలేదు. నీళ్లు తగ్గి ఆగే బోరు ఒకరోజు గంట ముందు ఆగుతుంది, ఒకరోజు అరగంట ముందు ఆగుతుంది. రోజూ గడియారం చూసుకుని ఎండిపోదు.

ఎవరో చేత్తో ఆపుతున్నారు. షెడ్డులో స్టార్టరు మీది ఎర్ర బటను నొక్కి మోటారు ఆపితే కరెంటు సున్నాకు పడుతుంది, పెట్టె అది చూసి నీళ్లు అయిపోయాయనుకుంటుంది. అప్పటికే మోటారు ఆగి ఉంటుంది కాబట్టి వాల్వు ముందు మూసినా నష్టం లేదు. ఆ ఎవరో ఎవరై ఉంటారన్నది ఆమెకు తెలిసిపోయింది. తెలిసీ నరేష్‌తో అనలేకపోయింది. ఆటో ఎంత తొందరగా పోతున్నా నడుస్తున్నట్లే అనిపించింది.

"ఇంటికా, బోరు కాడికా?" నరేష్ అడిగాడు.

"బోరు కాడికే."

బండి బాట దగ్గర ఆటో దిగి చేల గట్ల మీదుగా నడిచారు. పన్నెండుంబావు దాటింది, ఎండ నెత్తి మాడుస్తోంది. రేకుల షెడ్డు నీడలో, బోర్లించిన బక్కెట్టు మీద, నెత్తిన తువ్వాలు వేసుకుని పోలేరమ్మ కూర్చుని ఉంది. కుడికాలు ముందుకు చాపుకుంది. ఒళ్లో చిన్న ఫోను. చూపు మాత్రం ఎర్ర బటను మీదే.

నరేష్ గట్టు మీదే ఆగిపోయాడు. తర్వాత ఒక్క పెట్టున అరిచాడు. "ఏందిమా ఇది? ఇంట్లో పండుకొని ఉండానంటివి గదా! దినామూ ఇట్లనే వస్తాండావా?"

"అరవగాకరా. మీ నాయన కొండ మీద ఉండాడు, ఇనపడతాది" అంది ఆమె, అదే పెద్ద సంగతి అయినట్లు. తర్వాత ముబాషిరాను చూసి కొంచెం తడబడింది. "నువ్వు ఫోను చేసింది తెలిసే ఎత్తలేదు పాపా. ఎత్తితే అబద్దం చెప్పాల. నాకు అది చేతగాదు."

మెల్లగా రాబట్టారు. మొదటి రోజు పెట్టె ఎట్లా పనిచేస్తుందో చూద్దామని ఊరికే వచ్చిందట. టైము కాగానే వాల్వు గిర్రుమని మూసుకుంది. మోటారు మాత్రం వెంటనే ఆగలేదు. పైపు మూలిగింది, జాయింటు దగ్గర నీళ్లు ఎగజిమ్మాయి, ఆమె కాలు ఈడ్చుకుంటూ పోయి ఎర్ర బటను నొక్కింది. జాయింటుకు పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి చుట్టింది. చుట్టి, ఎవరికీ చెప్పలేదు. అప్పటినుంచి ప్రతి వంతుకూ ముందే వచ్చి కూర్చుంటోంది.

"ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"చెప్తే మీ పెదనాయన ఆ సాయంత్రమే పెట్టె పీకుతాడు. మీ అబ్బా అంగడి ముందర నలుగుర్లో అరుస్తాడు. నువ్వు నా చేతులు పట్టుకొని చెప్పింటివి గదా, నడిసే పనిలేదని. పిల్ల తిప్పలు పడతాంది, ఎప్పుడో దానికే తెలుస్తాదిలే అనుకున్నా. పది దినాలు ఓర్చుకుంటే పెట్టె నిలబడతాది గదా."

ముబాషిరాకు తల ఎత్తడం చేతకాలేదు. ఆరు రోజులు తాను ఇంట్లో కూర్చుని, అన్నీ బంద్, అన్నీ బంద్ అని కబుర్లు చదువుకుని మురిసింది. ఆ ప్రతి కబురూ ఈ ముసలి కాలు కిలోమీటరు నడిచి పంపినది. తాను ఏ నడక తప్పిస్తానని పూచీ పడిందో ఆ నడక మీదే తన పెట్టె పరువు నిలబడి ఉంది. సిగ్గు ముంచుకొచ్చింది, దానితోపాటు ఏడుపూ వచ్చింది. దాచుకోకుండా ఏడ్చింది.

"ఏడిస్తే ఏమొస్తాది? తప్పు యాడుందో దొరికిందా, చెప్పు."

"వరస తప్పింది పెద్దమ్మా. ముందు మోటారు ఆపాల, తర్వాత వాల్వు మూయాల. నేను తలకిందులు రాసినా."

పోలేరమ్మ ఆశ్చర్యంగా చూసింది. "అదేనా? రాసేటప్పుడు నన్ను ఒక్క మాట అడిగింటే చెప్పి ఉందును గదా. ఇరవై ఏండ్లు తిప్పినదాన్ని."

మోటారు ఎట్లా తిరుగుతుందో ముబాషిరా తండ్రిని అడిగింది, భాషలో ఏ మాట ఎట్లా నడుస్తుందో పుస్తకాలను అడిగింది. ఈమెను అడగాలని తట్టనే లేదు.

ఎర్ర బటను నొక్కి మోటారు ఆపి, వాల్వు మూసుకునేదాకా చూసి, పెట్టెకు వైరు తగిలించింది. వాల్వు గీత పైకి, మోటారు గీత కిందికి. ఇప్పుడు తెరిచేటప్పుడు ముందు వాల్వు తెరుచుకుంటుంది, తర్వాత మోటారు. మూసేటప్పుడు దానికదే తిరగబడి, ముందు మోటారు ఆగుతుంది. అచ్చం పోలేరమ్మ చేసేదే. నిమిషం కూడా పట్టలేదు, అందుకే ఇంకా కోపం వచ్చింది.

అంతటితో వదలలేదు. సవ్యంగా ముగిసే వంతును చూపిస్తే నమ్మకం కుదరదు. స్క్రిప్టు నడుమ కావాలనే ఒక తప్పు పెట్టింది. పది నిమిషాల్లో ఎప్పుడో ఒకప్పుడు, ఏ నిమిషానో తనకూ తెలియకుండా, స్క్రిప్టు కూలిపోవాలి. కూలేటప్పుడు కూడా మోటారునూ వాల్వునూ వరసగా మూసుకునే కూలాలి.

"కావాలని పడగొడతావా?" అన్నాడు నరేష్.

"పడిపోయినప్పుడు గూడా ఇల్లు సర్దిపోవాల. లేకపోతే రేపు పెద్దమ్మ మళ్లీ వస్తాది."

వాల్వు తెరుచుకుంది. మోటారు అందుకుంది. పైపు నిండి, దూరంగా చేనులో నీళ్లు పడే చప్పుడు వినిపించింది. ముబాషిరా, నరేష్ షెడ్డులో నిలబడ్డారు. పోలేరమ్మ ఒక్కతే కూర్చుంది. ఒక నిమిషం. రెండు. ముబాషిరా సైకిల్ ట్యూబు చుట్టిన జాయింటును చూస్తోంది, మళ్లీ ఎర్ర బటను చూస్తోంది. నాలుగు నిమిషాలు. చెమట కళ్లలోకి కారినా తుడుచుకోలేదు. తిరగబడిందా, తిరగబడలేదా? గీతలు సరిగ్గానే మార్చానా? పాత స్క్రిప్టే నడుస్తోందేమో? జాయింటు ఈసారి ఊడిందంటే ట్యూబు ముక్క ఆపదు, పైపు పగిలి నీళ్లు లేక టమాటా వాడిపోతుంది, సాయంత్రానికి రంగయ్య దిగుతాడు. ఆరు నిమిషాలు. ఆమెకు తెలియకుండానే చేయి లేచి ఎర్ర బటను దగ్గరికి పోయింది.

పోలేరమ్మ ఆ మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది, మట్టి పనులు చేసిన చేయి.

"ఉండనీ పాపా."

"పెద్దమ్మా, పగిలితే?"

"పగిలితే పగులుతాది. దాన్ని చేయనీ."

అట్లాగే పట్టుకుని ఉంది. ఏడో నిమిషం నడుమ మోటారు ఒక్కసారిగా ఆగిపోయింది. పైపులో నీళ్లు గొణుగుతూ వెనక్కు జారాయి. ఆ చప్పుడు పూర్తిగా అణిగాక వాల్వు గిర్రుమని తిరిగి, కదలకుండా నిలిచింది. జాయింటు దగ్గర ఒక్క చుక్క కారలేదు. ముబాషిరా జేబులో ఫోను మోగింది. ఎవరూ దాన్ని తీసి చూడలేదు.

పోలేరమ్మ చేయి వదిలింది. షెడ్డు గుంజను పట్టుకుని లేవబోయింది. సగం లేచి, పళ్లు బిగించి, మళ్లీ బక్కెట్టు మీద కూలబడింది. చీర అంచు తప్పుకున్న మోకాలు వాచి, చర్మం బిగిసి నిగనిగలాడుతోంది. నరేష్ పరుగెత్తుకు వచ్చి పట్టుకున్నాడు.

"ఒరే నాయనా," అంది ఆమె నీరసంగా, "ఆటో ఈ షెడ్డు కాడికి వస్తాదేమో చూడు. నేనింక ఒక్క అడుగు గూడా వేయలేను."